పాప నేల మీద ఉంది, చూసేదెవరు?

(పట్టణ బస్తీల్లోనూ, పని స్థలాల్లోనూ శిశు సంరక్షణ కేంద్రాలు నడుపుతున్న కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



'క్రెష్‌లలో పిల్లల భద్రత' గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అది పిల్లల డాక్టరు చెప్పాల్సిన విషయం కదా అన్నాను. డాక్టరుగారు మధ్యాహ్నం వస్తారు, పొద్దున మీరు మాట్లాడండి అన్నారు. అంచేత టీకాలూ, విరేచనాలూ, జ్వరాలూ ఆవిడకి వదిలేసి నేను ఒక్క విషయమే తీసుకుంటాను. నేల. మనం రోజూ ఊడ్చి, తుడిచి, దాని గురించి మర్చిపోయే నేల.

బిడ్డ బోర్లా పడ్డ నాటి నుంచి నిలకడగా నడిచే దాకా, అంటే సుమారు నాలుగైదు నెలల నుంచి ఏడాదిన్నర దాకా, ఆ బిడ్డ లోకమంతా నేలే. మనకి నేల కాళ్ళ కింద ఉండేది. ఆ వయసు పిల్లలకి ముఖానికి ఎదురుగా ఉండేది. చేత్తో తడిమేదీ, నాలికతో రుచి చూసేదీ, తలకి తగిలేదీ అదే. అయినా పిల్ల పడి తలకి బొప్పి కడితే ఎవరూ నేల సంగతి అడగరు. మొట్టమొదట వచ్చే ప్రశ్న ఒకటే: "తల్లి ఏం చేస్తోంది?" తండ్రి ఏం చేస్తున్నాడని అడిగిన వాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. తల్లి పనికి పోయి ఉంటే "పిల్లని వదిలేసి పోయింది" అంటారు. ఇంట్లోనే ఉంటే "ఇంట్లో ఉండి కూడా చూసుకోలేదు" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఆవిడకి నిలబడే చోటు లేదు.

ఈ నింద వల్ల తల్లికి మనసు కష్టం కలగడం ఒక్కటే నష్టమైతే నేనింత పొద్దు తీసుకునేదాన్ని కాదు. దానివల్ల బిడ్డకే ప్రమాదం. ఎలాగో తర్వాత చెప్తాను. ముందు నేల సంగతి చూద్దాం.

మన ఇళ్ళలో నేల మారి ఎంతో కాలం కాలేదు. మీలో చాలామంది మట్టి నేల మీద పారాడినవాళ్ళే అయుంటారు. పేడతో అలికిన ఆ నేల మెత్తగా, చల్లగా ఉండేదని ఇప్పుడు పట్నంలో కూచుని తల్చుకోవడం మనకి బాగానే ఉంటుంది. దాన్ని అలికింది ఎవరో, వారం వారం పేడ ఎత్తి తెచ్చింది ఎవరో తల్చుకుంటే ఆ అందం కొంత తగ్గుతుంది. తర్వాత కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళల్లోకి గచ్చు వచ్చింది, నాపరాళ్ళు వచ్చాయి, హైదరాబాదు వైపు షాబాద్ బండలు వచ్చాయి. ఆ తర్వాత మొజాయిక్, గ్రానైట్, ఇప్పుడు అద్దంలా మెరిసే టైల్స్. బస్తీలో ఒక్క గది ఇంట్లో కూడా ఇవాళ సిమెంటో, టైల్సో కనిపిస్తున్నాయి.

ఈ గట్టి నేల వచ్చాకే పిల్లలకి దెబ్బలు ఎక్కువయ్యాయనీ, మట్టి నేలే మేలనీ కొందరు అంటూంటారు. నేను ఒప్పుకోను. మెక్సికోలో 2000వ సంవత్సరం నుంచి పేదల ఇళ్ళలో మట్టి నేల మీద ప్రభుత్వమే సిమెంటు వేయించే పథకం ఒకటి నడిచింది. 'పీసో ఫిర్మే', అంటే గట్టి నేల, దాని పేరు. దాని ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం ఇల్లంతా సిమెంటు నేల అయిన చోట పిల్లల్లో పరాన్నజీవుల బెడద 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గాయి. పిల్లల మాటా, తెలివీ మెరుగయ్యాయి. తల్లుల్లో దిగులు, ఒత్తిడి తగ్గాయి. ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యంగా కనిపించింది. నేల మారితే తల్లి మనసు కుదుటపడింది. కాబట్టి గట్టి నేలని శత్రువుగా చూడొద్దు. పాకే పిల్లకి శుభ్రమైన గట్టి నేల కావాలి. అది ప్రతి ఇంటికీ ఉండాల్సిన హక్కు.

గట్టిగా, బల్లపరుపుగా ఉన్న నేల మీదే పిల్లలు బాగా కదలగలరు. మెత్తటి పరుపు మీద బోర్లా పడ్డ పిల్ల చేతులు ఊని లేవబోతే చేతులు కూరుకుపోతాయి. నేల ఎదురు నిలబడి నెడితేనే కండ బలం వస్తుంది. మన పెద్దవాళ్ళు పరుపు మీద కాక చాప మీద వేసి ఆడించింది అందుకే కావచ్చు, లేదా పరుపు లేకపోవడం వల్ల కావచ్చు. కారణం ఏదైనా పని మంచిదే.

ఇక పడటం గురించి. అమెరికాలో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ అడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు, పసిపిల్లల నడకని ఏళ్ళ తరబడి గమనించారు. 2012లో వాళ్ళు ప్రచురించిన లెక్క చూడండి. 12 నుంచి 19 నెలల మధ్య పిల్లలు తమంతట తాము ఆడుకుంటూ గంటకి సగటున 2,368 అడుగులు వేశారు. గంటకి 17 సార్లు పడ్డారు. గంటకి! ఈ లెక్క చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన అత్తగార్లు, ఆడబిడ్డలు. "రోజుకి రెండుసార్లు పడుతున్నాడు, నువ్వేం చేస్తున్నావ్?" అని కోడల్ని నిలదీసే వాళ్ళకి ఈ అంకె ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాలనిపించింది. అక్కడి ఆటగది వేరు, మన గది వేరు, నిజమే. అయినా నడక నేర్చుకోవడమంటే పడటం అన్న సంగతి ఎక్కడైనా ఒకటే. పడకుండా నడక నేర్చుకున్న బిడ్డ ఎక్కడా లేదు. మనం తప్పటడుగులు అని ఊరికే అనలేదు. తప్పటడుగు వేసిన బిడ్డని తిట్టకుండా, అరిసెలు చేసి వాటి మీద నడిపించి పండగ చేసుకున్నాం.

తన ఎత్తు నుంచి తాను పడే బిడ్డకి మామూలుగా పెద్ద దెబ్బ తగలదు. రెండున్నర అడుగుల మనిషి, పది కిలోల లోపు బరువు, ఎక్కువసార్లు పిర్రల మీదో చేతుల మీదో పడుతుంది. లేస్తుంది, మళ్ళీ పోతుంది. ప్రమాదం ఎక్కడుందంటే ఎత్తులో ఉంది. రెండేళ్ళ లోపు బిడ్డ మూడడుగుల కన్నా ఎక్కువ ఎత్తు నుంచి పడితే డాక్టర్లు దాన్ని తీవ్రంగానే పరిగణిస్తారు. మూడడుగులంటే ఎంత? నిలబడ్డ మనిషి చంకలో ఉన్న బిడ్డ తల అంతకన్నా ఎత్తులోనే ఉంటుంది. వంటగట్టు దాదాపు అంతే ఉంటుంది. మంచం అంత లేదు గానీ, మంచం మీద నుంచి తల కిందులుగా పలక బండ మీద పడటం చిన్న విషయం కాదు. తల్లులు చాలామంది "కింద వేస్తే బండ గట్టిగా ఉంది, దెబ్బ తగుల్తుంది" అని పాకే పిల్లని మంచం మీద వేసి పోతారు. తలకిందులైన జాగ్రత్త అది. నేల మీద ఉన్న బిడ్డ ఇంకెక్కడికీ పడదు. పాకే వయసు బిడ్డకి ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు నేలే.

అయితే నేలకీ కొన్ని చోట్ల పళ్ళున్నాయి. కొత్తగా కూర్చోవడం నేర్చిన ఆరేడు నెలల పిల్లలు వెనక్కి ధబాల్న పడతారు. చేతులు ముందుకి చాపి ఆపుకోవడం ముందు వస్తుంది, వెనక్కి పడితే ఆపుకోవడం చాలా ఆలస్యంగా వస్తుంది. తల బరువు కూడా వాళ్ళకి ఎక్కువే. పుట్టినప్పుడు ఒడలు మొత్తం పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్ళలో అది ఎనిమిదో వంతు. అందుకని ఆ రెండు మూడు నెలలు మాత్రం బిడ్డ కూర్చునే చోట బొంత పరవండి. పాత చీరలు నాలుగైదు పొరలుగా వేసి కుట్టిన బొంత. దీనికి డబ్బు పెట్టి రంగురంగుల స్పాంజి పలకలు కొనక్కర్లేదు. అవి కొన్న కేంద్రాల్లో చూశాను, పళ్ళొచ్చే పిల్లలు వాటి అంచులు కొరికి ముక్కలు నోట్లో పెట్టుకుంటున్నారు. గొంతుకి అడ్డం పడితే బొప్పి కన్నా పెద్ద సంగతి. బొంతతో వచ్చే చిక్కు ఒకటే, నున్నటి టైల్స్ మీద జారుతుంది. రెండంచులు గోడ పక్కన బరువైన పెట్టె కిందో, బీరువా కాళ్ళ కిందో నొక్కి పెట్టండి. పైన వేసే చిన్న గుడ్డలు, జంబుఖానాలు నడిచే పిల్లలకి కాళ్ళకి చుట్టుకుంటాయి, నడక వచ్చాక తీసేయండి. ఇంకో మాట, బొంత ఆటకి మాత్రమే. నిద్రకి మెత్తటి దిండ్లు, మందపాటి బొంతలు చుట్టూ పెట్టొద్దు, ఊపిరాడదు. పసిబిడ్డని వెల్లకిలా, గట్టి పరుపు మీదో చాప మీదో పడుకోబెట్టాలి.

మేజోళ్ళు వేయొద్దు. టైల్స్ మీద మేజోళ్ళంటే నూనె రాసిన కాళ్ళే. ఉత్త పాదం నేలని పట్టుకుంటుంది. నడక నేర్చుకోవడానికి బూట్లు అక్కర్లేదు, అవి ఫోటోలకే. తడి నేల మీద మాత్రం ఉత్త పాదం కూడా నిలవదు. అందుకని తడిగుడ్డ పెట్టే వేళ పిల్లలు నిద్రపోయే వేళగా మార్చుకోండి. పొద్దున పిల్లలు రాకముందే తుడవడం అన్నిటికన్నా మేలు. ఆయమ్మ పని గంటలు అరగంట ముందు నుంచి లెక్కేయాలి మరి. ఆ అరగంటకి జీతం ఇవ్వకుండా "ముందే వచ్చి తుడువమ్మా" అనే సంస్థలు నాకు తెలుసు, ఇక్కడా ఉండి ఉండొచ్చు.

నేలతోపాటు నీళ్ళు. బకెట్టులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు చాలు, పట్టుకుని లేచి తొంగిచూసిన ఏడాది పిల్ల తలకిందులై మునిగిపోడానికి. తల బరువు సంగతి ఇందాక చెప్పాను కదా. హైదరాబాదు లాంటి ఊళ్ళలో మూత లేని సంపులు పిల్లల ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. నేల మీద పిల్ల ఉన్న ఇంట్లో బకెట్టు బోర్లించి ఉండాలి, సంపుకి మూత, మూతకి తాళం ఉండాలి. కట్టేటప్పుడు ఎవరి డబ్బుతో కట్టారో వాళ్ళదే ఆ మూత బాధ్యత, అంటే ఇంటి ఓనరుది. అద్దెకున్న ఆడమనిషిది కాదు.

వాకర్ గురించి తప్పకుండా అడుగుతారు. పట్నంలో మధ్యతరగతి ఇళ్ళలో మొదలై ఇప్పుడు బస్తీల్లోకి కూడా వచ్చింది, ప్లాస్టిక్ చక్రాలమీద బిడ్డని కూర్చోబెట్టే బండి. తల్లికి చేతులు ఖాళీ అవుతాయని కొంటున్నారు. ఆ అవసరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ బండిలో బిడ్డ తన శక్తికి మించిన వేగంతో పోతుంది. మెట్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి, అందని వాటి దగ్గరికి పోతుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నీ, దిగుమతినీ, ప్రకటనల్నీ కూడా నిషేధించింది. పైగా అది నడక నేర్పదు. తన పాదాల్ని తాను చూసుకోలేని చోట బిడ్డ ఏం నేర్చుకుంటుంది? పాతకాలం మూడు చక్రాల కొయ్యబండి ఉందే, బిడ్డ నిలబడి తోసేది, అది నయం. ఎంత బలం ఉంటే అంతే పోతుంది. అది కూడా గరుకు నేల మీదైతేనే. నున్నటి టైల్స్ మీద ముందుకి జారిపోతుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన విషయానికి వస్తాను. పిల్ల పడింది. తల వెనక తగిలింది. ఎత్తుకున్నది తొమ్మిదేళ్ళ అక్క అనుకోండి. సాయంత్రం అమ్మ వచ్చాక చెప్తుందా? చెప్తే వీపు పగుల్తుందని తెలుసు. చెప్పదు. క్రెష్‌లో ఆయమ్మ చేతిలో పడిందనుకోండి. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పదు. తల్లి దగ్గరే పడిందనుకోండి. అత్తకీ మొగుడికీ చెప్పదు, బొప్పి మీద జుట్టు దువ్వి కప్పేస్తుంది. రాత్రి బిడ్డ వాంతి చేసుకుంటే ఇంట్లో వాళ్ళు పాలు అరగలేదనుకుంటారు. మత్తుగా ఉంటే నిద్ర అనుకుంటారు. ఆ రాత్రి గడిచిపోవడంలోనే ప్రాణం పోవచ్చు. నింద వల్ల బిడ్డకే ప్రమాదం అన్నది ఇదే. నేల గట్టితనం కన్నా ఈ దాపరికం ప్రమాదకరం. దాపరికం భయంలోంచి వస్తుంది, భయం నిందలోంచి వస్తుంది.

కాబట్టి మీ కేంద్రాల్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ బిడ్డ, ఎన్ని గంటలకి, ఎక్కడ నుంచి, ఏ పక్కకి పడింది, తర్వాత ఎలా ఉంది. తలకి తగిలినవన్నీ రాయాలి, సాయంత్రం తల్లికి చెప్పాలి. రాసినందుకు ఎవరి మీదా చర్య ఉండదని కమిటీ ముందే తీర్మానం చేయాలి. రాయనందుకు ఉండొచ్చు. రెండు నెలలయ్యాక ఆ పుస్తకం తిరగేస్తే గడప దగ్గర ఇన్ని, నీళ్ళ కుండ దగ్గర ఇన్ని అని తేలుతుంది. అప్పుడు మార్చాల్సింది ఆయమ్మనా, నీళ్ళ కుండనా అన్నది మీకే తెలుస్తుంది.

ఏది ప్రమాదమో అందరికీ తెలిసి ఉండాలి, తొమ్మిదేళ్ళ అక్కకి కూడా. పడగానే ఏడ్చి, కాసేపటికి ఊరుకుని, పాలు తాగి ఆడుకుంటే మామూలుగా భయం లేదు. తడిగుడ్డ అద్దండి, బొప్పిని గట్టిగా రుద్దకండి. ఆ రోజూ ఆ రాత్రీ గమనిస్తూ ఉండండి. స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, లేపినా సరిగా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిదో నెత్తురో కారినా, మాడు ఉబ్బినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ కదపకపోయినా, ఏడుపు ఎంతకీ ఆపకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నుదుటి మీద బొప్పి కన్నా తల పక్కనో వెనకో మెత్తగా ఉబ్బిన వాపు ఎక్కువ అనుమానించాల్సింది, ముఖ్యంగా ఏడాది లోపు పిల్లల్లో. మిగతాది డాక్టరుగారు చెప్తారు.

ఇంతవరకూ ఇంటి నేల గురించి, కేంద్రం నేల గురించి మాట్లాడాను. ఇప్పుడు ఆ నేలలు వేసే వాళ్ళ దగ్గరికి పోదాం. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు, చీమకుర్తి గ్రానైటు తీసే చోటా, పట్నాల్లో అపార్టుమెంట్లు లేచే చోటా ఆడకూలీలు ఉన్నారు. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట కదిలి వచ్చిన గుంపుల్లో, ఒడిషాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఇటుక బట్టీలకి వచ్చే కుటుంబాల్లో పాకే పిల్లలు ఉంటారు. వాళ్ళకి నేల ఏది? ఇసక కుప్ప, కంకర, తెగిన ఇనుప చువ్వలు, టైల్స్ పెంకులు, రెయిలింగు లేని మెట్లు, లిఫ్టు కోసం వదిలిన గొయ్యి. తల్లి తల మీద సిమెంటు తట్ట. 2016లో అహ్మదాబాదులో కేబుళ్ళ కోసం రోడ్డు తవ్వే చోట పదిహేను నెలల పాపని కాలికి ప్లాస్టిక్ పట్టీతో రాయికి కట్టేసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. చూసిన వాళ్ళు చాలామంది తల్లిని తిట్టారు. ఆ పాపని కట్టకపోతే రోడ్డు మీద బండ్ల కింద పడేది. తల్లి చేసింది పిల్లని బతికించుకోవడం.

అలా కట్టడం వల్ల బిడ్డకి నష్టం లేదనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు బిడ్డని ఒక్కసారిగా గంటకు మించి కదలకుండా కట్టి ఉంచకూడదు. ఇంకా కదలిక రాని పసిపిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం అరగంట బోర్లా వేయాలి. అదే సంస్థ 2006లో ఢిల్లీతో సహా అయిదు దేశాల పిల్లల్ని గమనించి ఇచ్చిన లెక్కలో, తనంతట తాను నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని తేలింది. నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు. తేడా అంత ఉంటుంది. "పక్కింటి పిల్ల నడుస్తోంది, మీ పిల్ల నడవదేం" అనే వాళ్ళకి ఈ సంగతి చెప్పండి. కానీ ఆ అయిదు చోట్లా ఎంపిక చేసింది ఎదుగుదలకి అడ్డంకులు లేని కుటుంబాల పిల్లల్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాడుకి కట్టి ఉన్న బిడ్డ ఆలస్యాన్ని ఆ లెక్కలో కలిపి సమర్థించలేం.

క్రెష్ గురించి చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం మొదట 50 మందికి మించి, 1976 సవరణ తర్వాత 30 మందికి మించి ఆడవాళ్ళున్న చోట క్రెష్ పెట్టమంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడకూలీలుంటే ఆరేళ్ళ లోపు పిల్లలకి గది ఉండాలంది. ఆడవాళ్ళ తలలు లెక్కపెట్టి క్రెష్ ఇస్తే యజమాని చేసే పని ఆ లెక్క దాటకుండా ఆడవాళ్ళని తీసుకోవడం. సైటులో నూరు మంది ఆడకూలీలున్నా నలుగురు మేస్త్రీల కింద ఇరవై అయిదేసి మందిగా కాగితం మీద చీలిపోతారు. 2017 ప్రసూతి సవరణ చట్టం ఆడ మగ తేడా లేకుండా 50 మంది ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంది, తల్లి రోజుకి నాలుగుసార్లు పోయి చూసుకోవచ్చంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కూడా ఆ పద్ధతే తీసుకున్నాయి. పిల్లలు ఆడవాళ్ళకే పుట్టరని చట్టం గుర్తించడం మంచిదే. యాభై దాటని బట్టీలూ, చిన్న బిల్డింగులూ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళూ మాత్రం ఎప్పట్లాగే బయటే ఉన్నారు. నిర్మాణ ఖర్చులో కనీసం ఒక శాతం సెస్సు వసూలవుతుంది, అది కార్మికుల సంక్షేమానికే. ఆ డబ్బు ఖర్చు కాకుండా పేరుకుపోయిందని సుప్రీంకోర్టు 2018లో తప్పుపట్టింది. క్రెష్‌లకి డబ్బు లేదనే మాట ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి. 1969లోనే ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కట్టడాల దగ్గర దుమ్ములో పడున్న పిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో మొబైల్ క్రెషెస్ మొదలుపెట్టగలిగారు.

చట్టాలన్నిటిలోకీ నాకు ఇష్టమైన వాక్యం 2005 ఉపాధి హామీ చట్టంలో ఉంది. పని దగ్గరికి అయిదుగురు లేదా అంతకు మించి చిన్నపిల్లలు వస్తే ఆడకూలీల్లో ఒకరిని వాళ్ళని చూడటానికి పెట్టాలి, ఆమెకి మిగతా వాళ్ళతోపాటు కూలి ఇవ్వాలి అని రాసింది. ఎన్ని ఊళ్ళలో జరిగిందో మీకు తెలుసు. అయినా పిల్లని చూడటం మట్టి తవ్వడంతో సమానమైన పని అని ప్రభుత్వ కాగితం మీద ఎక్కడం చిన్న విషయం కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది చేసింది. పని స్థలాల్లో ఈ ఏర్పాటు పోకుండా చూసుకోవడం మన పని.

చూడటం పనే అని నేనంటుంటే కొందరికి అతిగా తోస్తుంది. "కూచుని చూడ్డమేగా" అంటారు. 2024 కాల వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళలో 41 శాతం, మగవాళ్ళలో 21.4 శాతం ఇంట్లో వాళ్ళ సంరక్షణ పని చేశారు. ఆ చేసిన వాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సుమారు 140 నిమిషాలు, మగవాళ్ళు 74. ఈ నిమిషాల్లోకి స్నానం చేయించడం, తినిపించడం వస్తాయి గానీ, బెండకాయలు తరుగుతూ ఒక కన్ను పాప మీద వేసి ఉంచడం సరిగా ఎక్కదు. నేల మీద బిడ్డని కాపాడేది ముఖ్యంగా ఆ కన్నే. ఆ కన్ను పెట్టడానికి ఎవరూ లేకపోతే ఆ పని బడికి పోవాల్సిన అక్క మీద పడుతుంది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ మొదట్నుంచీ అన్న మాట ఇదే కదా, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంట్లో ఉండిపోయిన పిల్లతో సహా. ఆ పిల్ల చంక ఎత్తు నుంచి బండ మీద పడే చిన్నవాడూ, బడి మానేసిన ఆ పిల్లా ఒకే లోటు వల్ల దెబ్బతిన్నవాళ్ళు.

చివరగా మీ గురించి. 2017 జాతీయ క్రెష్ పథకం మార్గదర్శకాల్లో 25 మంది పిల్లలకి ఒక వర్కరు, ఒక హెల్పరు. ఒక్కో బిడ్డకి 6 నుంచి 8 చదరపు అడుగుల చోటు. ఆరు చదరపు అడుగులంటే రెండు అడుగుల వెడల్పు, మూడు అడుగుల పొడవు. పడుకోడానికి సరిపోతుంది. పాకే బిడ్డకి అది రెండు కదలికల దూరం, అక్కడి నుంచి పక్క బిడ్డ మీద ఎక్కుతుంది. ఒకరు వంట దగ్గరుంటే ఇంకొకరు పాతిక మందిని చూడాలి, అందులో పాకేవాళ్ళు ఏడెనిమిది మంది ఉంటే నాలుగు చేతులున్నా చాలవు. గంటకి 17 సార్లు పడే పిల్లలు ఎనిమిది మంది అంటే గంటకి 136 సార్లు. ఆ గదిలో ఒక బిడ్డకి దెబ్బ తగిలితే ఆయమ్మకి మెమో ఇవ్వడం ఏ న్యాయం? పాకే పిల్లల్ని నాలుగు పలకల కంచె కట్టి వేరే మూలలో పెట్టడం, దానికి ఒక మనిషిని అదనంగా అడగడం, ఈ రెండూ కలిపి మీ తీర్మానంలో ఉండాలని నా కోరిక. కంచె మాత్రమే ఇచ్చి మనిషిని ఇవ్వకపోతే ఆ కంచె కూడా తాడే.

మధ్యాహ్నం గ్రూపుల్లో మీమీ కేంద్రాల నేల బొమ్మ ఒక కాగితం మీద గీయండి. గడప ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, పాకే పిల్లలు ఎక్కడ, ఆ టైములో మీరెక్కడ. డాక్టరుగారు వచ్చేలోపు వాటిని గోడకి అంటిద్దాం. ప్రశ్నలు ఇప్పుడే అడగొచ్చు.